నిజ్వా తోటల్లో పిట్టలు ఎందుకు కూస్తాయి?

"పొద్దున్నే ఈ పిట్టలన్నీ ఒకేసారి ఎందుకు అరుస్తాయి? వాటికి ఏమైనా కావాలా, లేక సంతోషంతో పాడుకుంటున్నాయా?"

ఒమాన్‌లోని నిజ్వాలో పెరుగుతున్న ఒక తెలుగింటి చిన్నారి ప్రశ్న ఇది. ఇలా అడిగితే పెద్దవాళ్లం సాధారణంగా "తెల్లారింది కదమ్మా, అందుకే" అని ఊరుకుంటాం. ఆ జవాబులో తప్పేమీ లేదు. కాకపోతే అది సగం జవాబు కూడా కాదు. తెల్లారితే మేకలు లేస్తాయి, బల్లులు ఎండ కోసం గోడెక్కుతాయి, చీమలు బారులు కడతాయి. అవేవీ ఇంత సందడి చెయ్యవు. పిట్టలే ఎందుకు చేస్తున్నాయి? అదీ పొద్దున్నే ఎందుకు? పాప ప్రశ్నలో ఇన్ని ప్రశ్నలున్నాయి. అన్నీ మంచివే. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. నిజ్వా మస్కట్ నుంచి దాదాపు 160 కిలోమీటర్ల లోపల, జెబెల్ అఖ్దర్ అనే కొండల పాదాల దగ్గర ఉంటుంది. చుట్టూ బోడి రాతికొండలు, మధ్యలో పచ్చగా ఖర్జూర తోటలు. ఆ పచ్చదనమంతా భూగర్భ జలాన్ని కాలువల్లో పారించి తెచ్చుకున్నది. ఆ కాలువల్ని అక్కడ ఫలజ్ అంటారు. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఖర్జూర చెట్ల నీడన నిమ్మచెట్లు, వాటి కింద పశువుల గడ్డి మడులు. అన్ని ఎత్తుల్లోనూ పిట్టలకు చోటు దొరికే తోటలవి.

అక్కడ వినపడే గొంతుల్లో మనకు తెలిసినవి చాలానే ఉన్నాయి. ఊరపిచ్చుక ఉంది. చిన్న గువ్వ ఉంది. నల్లని నీలంలో మెరిసే తేనెపిట్ట ఉంది. పికిలిపిట్ట కూడా ఉంది. మన ఊళ్లలో దానికి తోక కింద ఎర్రగా ఉంటుంది, అక్కడి కొండల పికిలికి పసుపు పచ్చగా ఉంటుంది, కంటి చుట్టూ తెల్లటి వలయం ఒకటి అదనం. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ఉత్తర ఒమాన్ తోటల్లో కరెంటు తీగల మీద తీరిగ్గా కూర్చుని కనిపిస్తుంది. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి పొలిమేర దాకా వెళ్లే కరీంనగర్ మనిషికి అక్కడ అది దారి పక్కనే దర్శనమిస్తుంది. కాబట్టి పాప విన్నది ఏదో పరాయి దేశపు పక్షుల గోల కాదు. తాతయ్యగారి ఊళ్లో వినపడేదానికి అది దగ్గరి చుట్టమే.

ఇక ప్రశ్నలోకి వెళ్దాం. పిట్ట చేసే శబ్దాలన్నీ ఒక రకం కావు. కాసేపు వింటే రెండు రకాలు విడిపోతాయి. ఒకటి పొట్టిగా, ఒకటి రెండు ముక్కల్లో అయిపోయే కూత. ఆడదైనా మగదైనా, పిల్లదైనా పెద్దదైనా, ఏడాది పొడుగునా కూస్తుంది. రెండోది పొడుగ్గా, ఒక వరుసలో, మళ్లీ మళ్లీ అదే అల్లికతో వచ్చే పాట. అది కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్ని నెలల్లో తక్కువ. కూతకీ పాటకీ పనులు వేరు. ముందు కూతల సంగతి చూస్తే పాట సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

అన్నిటికన్నా తేలికైన కూత ఆకలి కూత. గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని కీచుకీచుమంటాయి. తల్లి పురుగు పట్టుకుని గూటి అంచున వాలగానే ఆ కీచులు రెట్టింపవుతాయి. ఎక్కువ ఆకలిగా ఉన్నది ఎక్కువ అరుస్తుంది, తల్లిదండ్రులు ఆ అరుపును బట్టి మేత తెచ్చే వేగం పెంచుతారు. కోళ్లను పెంచినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. పొదిగే చివరి రోజుల్లో గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి నుంచే సన్నగా పిల్ల కూత వినపడుతుంది, పెట్ట దానికి గొణుగుతున్నట్టు బదులిస్తుంది. అంటే పెంకు పగలకముందే మాటలు మొదలవుతాయన్నమాట.

ఆ తర్వాతది "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?" అనే కూత. రామచిలకల గుంపు ఎగురుతూ కీ-కీ మంటూ పోవడం మీరు చూసే ఉంటారు. దట్టమైన ఆకుల్లో ఒకదానికొకటి కనపడకుండా మేస్తున్న పిట్టలు కూడా ఉండుండి ఒక చిన్న కూత వేస్తాయి, రెండోది జవాబిస్తుంది. జవాబు వచ్చినంతసేపూ అంతా క్షేమమే. రాకపోతే మేత ఆపి తలెత్తి చూస్తాయి.

మూడోది ప్రమాదపు కూత. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే పిట్టల తెలివి ఇక్కడ బాగా బయటపడుతుంది. పిట్టకు ప్రమాదం రెండు విధాలుగా వస్తుంది. ఆకాశంలో డేగ దూసుకుపోతోందనుకోండి. అప్పుడు పిట్ట తోటివాళ్లను హెచ్చరించాలి, కానీ తానెక్కడుందో డేగకు తెలియకూడదు. అదే పిల్లి కొమ్మ కింద నక్కి ఉందనుకోండి, లేదా గుడ్లగూబ పట్టపగలు చెట్టు తొర్రలో కునుకుతోందనుకోండి. అప్పుడు భయపడి దాక్కోవలసిన పని లేదు. దాని గుట్టు రట్టు చేసి, పదిమందినీ పోగుచేసి తరిమెయ్యాలి. అంటే అప్పుడు తానెక్కడుందో అందరికీ తెలియాలి.

ఒక శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో మనకెలా తెలుస్తుంది? కుడి వైపు నుంచి వస్తే కుడి చెవికి ఒక లిప్త ముందు, కాస్త గట్టిగా చేరుతుంది. మెదడు ఆ తేడాను పట్టుకుంటుంది. శబ్దం ఠక్కున మొదలై ఠక్కున ఆగితే, గరగరగా ఉండి సన్నవీ బొద్దువీ స్వరాలు కలిసుంటే, ఆ తేడా పట్టుకోవడం సులువు. నెమ్మదిగా మొదలై నెమ్మదిగా సన్నగిల్లే ఒకే స్వరపు ఈల అయితే అది ఎటు నుంచి వస్తోందో చెప్పడం కష్టం. బ్రిటన్‌లో పుట్టిన పీటర్ మార్లర్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1955లో చిన్న పిట్టల కూతల్ని పోల్చి చూసి ఇదే చెప్పాడు. డేగ ఎగిరినప్పుడు వేర్వేరు జాతుల పిట్టలు వేసే కూతలు ఒకే పోలికలో ఉన్నాయి. అన్నీ సన్నటి, లాగిన ఈలలే. గుడ్లగూబను చుట్టుముట్టినప్పుడు వేసేవి మాత్రం పొట్టిగా, గరుగ్గా, దిక్కు తెలిసేలా ఉన్నాయి. ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకూడదు అన్నదాన్ని బట్టి కూత తయారైందన్నమాట. ఈసారి నిమ్మచెట్టు దగ్గర పికిలిపిట్టలు ఒక్కచోట చేరి గలాటా చేస్తుంటే ఆ కొమ్మ కింద జాగ్రత్తగా చూడండి. చాలాసార్లు పిల్లో, పామో ఉంటుంది.

ఇక్కడే తీతువు గురించి చెప్పాలి. ఒమాన్ పొలాల్లోనూ, మన పొలాల్లోనూ ఉండే పిట్ట ఇది. పొడుగు పసుపు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు. రాత్రిపూట తీతువు అరిస్తే కీడని మన పల్లెల్లో అంటారు. నిజానికి దాని అరుపు వెనక ఉన్న కారణం వింటే జాలేస్తుంది. తీతువు గూడు చెట్టు మీద కట్టదు. బయలు నేల మీద నాలుగు రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. వాటికి కంచె లేదు, కొమ్మ లేదు, ఆకు చాటు లేదు. కుక్క వచ్చినా, నక్క వచ్చినా, చీకట్లో మనిషి నడిచి వెళ్లినా దానికి ఉన్న ఆయుధం గొంతొక్కటే. పైకి లేచి తల మీద తిరుగుతూ అరిచి, వచ్చినవాడి దృష్టిని గుడ్ల మీంచి మళ్లిస్తుంది. రాత్రి తీతువు అరిచిందంటే దాని పిల్లలున్న చోటికి ఎవరో వచ్చారని అర్థం. మనకు కీడు చెప్పడానికి కాదు, తన కీడు తప్పించుకోవడానికి అరుస్తోంది.

కాకి అరిస్తే చుట్టాలొస్తారన్న మాటను మాత్రం నేను కొట్టిపారెయ్యను. కాకి మెతుకు చూస్తే తోటి కాకుల్ని పిలుస్తుంది. ఆ లెక్కన దాని చుట్టాలైతే తప్పకుండా వస్తారు.

ఇంతవరకూ చూస్తే ఒకటి తేలింది. ప్రతి కూతకీ వినవలసినవాడు ఒకడున్నాడు. పిట్ట ఊరికే గాలిలోకి అరవడం లేదు. మరి ఈ పనులన్నీ గొంతుతోనే ఎందుకు? తోట మధ్యలో నిలబడి చూస్తే తెలుస్తుంది. ఖర్జూర మట్టల చాటున ఉన్న పిట్ట పది అడుగుల దూరంలో ఉన్నా కనపడదు. శబ్దానికి ఆకు అడ్డం రాదు, దాన్ని చుట్టుకుని పోతుంది. చీకట్లోనూ పోతుంది. పైగా రంగును ఒంటి మీంచి తీసెయ్యలేం, శబ్దాన్ని మాత్రం కావలసినప్పుడు వాడి వద్దనుకున్నప్పుడు ఆపెయ్యొచ్చు. డేగ కనపడగానే నోరు మూసుకుంటే చాలు, పిట్ట మాయమైనట్టే.

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. నిజ్వా తోటల్లో దీనికి మంచి ఉదాహరణ తేనెపిట్ట. బొటనవేలంత ఒళ్లు. గూళ్లు కట్టే కాలానికి ముందు మగ తేనెపిట్ట చూడ్డానికి అంత గొప్పగా ఉండదు. పాలిపోయిన పసుపు ఒళ్లు, గొంతు కింద నిలువునా ఒక నల్లచార. జత కట్టే రోజులు రాగానే ఆ ఈకలు రాలి, ఎండలో ఊదా, నీలం మెరిసే నల్లటి ఈకలు వస్తాయి. అప్పుడది ఎత్తయిన కొమ్మ చివర, ఆకులు లేని చోట కూర్చుని, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ గబగబా పాడుతుంది. ఉండుండి రెక్క కింద నుంచి మెరుపు పసుపు కుచ్చులు విప్పి చూపిస్తుంది. డేగ కంటపడే ప్రమాదం ఉన్నా ఆ కొసనే కూర్చుంటుంది. ఇంత తెగింపు ఊరికే ఉండదు.

ఆ పాటను ఇద్దరు వింటారు. ఒకరు పక్క తోటలోని మగపిట్ట. దానికి ఈ పాట "ఈ చెట్టు, ఈ పూలు, ఇక్కడి పురుగులు నావి, రావద్దు" అని. రెండోది ఆడపిట్ట. దానికి అదే పాట "ఇక్కడ చోటుంది, మేతుంది, నేనున్నాను, రా" అని. ఇది కవి ఊహ కాదు, పరీక్ష పెట్టి తేల్చిన విషయం. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో జాన్ క్రెబ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1970లలో ఒక పని చేశాడు. ఒకచోట కాపురమున్న మగ పిట్టల్ని పట్టి పక్కకు తీసేశాడు. కొన్ని ఖాళీ చోట్ల స్పీకర్లు పెట్టి ఆ జాతి పాటే వినిపించాడు. కొన్నిచోట్ల వేరే ఈల పాట వినిపించాడు. మిగతావి మౌనంగా వదిలేశాడు. కొత్త పిట్టలు వచ్చి మౌనంగా ఉన్న చోట్లనూ, వేరే ఈల వినపడ్డ చోట్లనూ త్వరగా ఆక్రమించాయి. సొంత జాతి పాట వినపడ్డ చోటికి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. అక్కడ పిట్ట లేదు, ఉన్నది పాటే. అయినా కాపలా కాసింది. 1986లో స్వీడన్‌లో ఇద్దరు పరిశోధకులు రెండో సగాన్ని చూశారు. గూటిపెట్టెలు వరసగా పెట్టి, కొన్నిటి దగ్గర మగపిట్ట పాట వినిపించి, కొన్నిటిని మౌనంగా ఉంచారు. వచ్చి పెట్టెలో దూరిన ఆడపిట్టలు దాదాపు అన్నీ పాట వినపడిన పెట్టెలనే ఎంచుకున్నాయి.

ఆడపిట్ట పాట విని ఏం తెలుసుకుంటుంది? పాడుతున్నంతసేపూ పిట్ట తినలేదు. కడుపు నిండినవాడికే అంతసేపు పాడే తీరిక ఉంటుంది. జబ్బు పడినవాడు పొడుగ్గా పాడలేడు. కాబట్టి పాటను బట్టి ఆ మగపిట్ట ఆరోగ్యం, దాని చోట దొరికే మేత రెండూ ఆడపిట్టకు అంచనాకు వస్తాయి.

కోకిల పాడుతుంటే మనం "కోయిలమ్మ" అంటాం. మామిడి పూతలో కూహూ అని పాడేది నల్లగా నిగనిగలాడే మగ కోకిల. ఆడ కోకిల గోధుమ రంగులో తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని కూత కిక్-కిక్-కిక్ మని వేరుగా ఉంటుంది. అలాగని ఆడపిట్టలు ఎక్కడా పాడవని అనుకోకూడదు. యూరప్, ఉత్తర అమెరికా పిట్టల్ని చూసి శాస్త్రం చాలాకాలం అలాగే రాసుకుంది. 2014లో ప్రపంచమంతటి పాటపిట్టల సమాచారం కలిపి చూస్తే, లెక్కలోకి తీసుకున్న జాతుల్లో 71 శాతంలో ఆడవీ పాడుతున్నాయని తేలింది. వినేవాళ్లు ఒక మూలనే కూర్చుంటే సగం పాట చెవిన పడదు మరి.

ఇంత చిన్న ఒంట్లోంచి అంత శబ్దం ఎలా వస్తుంది? మన స్వరపేటిక గొంతులో, గాలిగొట్టం పైభాగాన ఉంటుంది. పిట్టకు శబ్దం పుట్టే చోటు బాగా కిందికి, ఛాతీలో ఉంటుంది. గాలిగొట్టం రెండుగా చీలి రెండు ఊపిరితిత్తుల్లోకి పోయే చోటన్నమాట. దాన్ని సిరింక్స్ అంటారు. ఆ చీలిక దగ్గర పల్చటి పొరలుంటాయి. ఊపిరి వాటి మీదుగా పోతే అవి అదురుతాయి, ఆ అదురే శబ్దం. చుట్టూ ఉన్న చిన్న చిన్న కండరాలు పొరల్ని బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. చీలికకు రెండు వైపులున్నాయి కాబట్టి చాలా పాటపిట్టలు రెండు వైపుల్నీ విడివిడిగా వాడగలవు. పెళ్లి మేళంలో ఒక సన్నాయి శ్రుతి పట్టి ఉంటే ఇంకో సన్నాయి రాగం తీస్తుంది చూడండి, ఆ రెండు సన్నాయిలూ ఒకే గుండెలో ఉన్నట్టు. మరి మధ్యలో ఊపిరెప్పుడు తీసుకుంటాయి? పలుకుకీ పలుకుకీ మధ్య చిటుక్కున ఒక చిన్న ఊపిరి లాగేస్తాయి. కెనరీ పిట్ట సెకనుకు ఇరవైకి పైగా పలుకులు పలుకుతూ కూడా మధ్యమధ్య ఇలా ఊపిరి తీసుకోగలదు. అందుకే మనకు ఆగకుండా పాడినట్టు వినపడుతుంది.

ఇప్పుడు పాప అడిగిన "పొద్దున్నే" సంగతి. దీనికి ఒక్క కారణం కాదు, కొన్ని కారణాలు ఒకదానికొకటి తోడయ్యాయి. జూన్ నెలలో నిజ్వాలో ఐదున్నర లోపే సూర్యోదయమవుతుంది. దానికి ముందు మసకవెలుతురులో పురుగు కనపడదు, గింజ కనపడదు. మేతకు వెళ్లినా లాభం లేని వేళ అది. ఆ వేళలో గాలి సద్దుమణిగి ఉంటుంది, బళ్ల రొద ఇంకా మొదలవదు. పాట చెదరకుండా దూరం పోతుంది. పైగా రాత్రి గడవడమే చిన్న పిట్టకు ఒక గండం. పిల్లి బారిన పడినవి ఉంటాయి, చోటు వదిలి పోయినవి ఉంటాయి. తెల్లవారగానే పాడకపోతే "ఇక్కడ ఎవరూ లేరు" అని పక్కవాడు చొరబడతాడు. రాత్రంతా ఉపవాసమున్నాక కూడా గట్టిగా పాడిందంటే దాని ఒంట్లో ఇంకా సత్తువ మిగిలి ఉన్నట్టే. అదనంగా మేత పెట్టిన పిట్టలు మరింత పాడినట్టు ఎన్నో పరిశోధనల్లో కనిపించింది.

నిజ్వా లాంటి చోట ఇంకో కారణం ఎండ. పిట్టకు చెమట పట్టదు, చెమట గ్రంథులే లేవు. ఒళ్లు చల్లబరచుకోవాలంటే ముక్కు తెరిచి రొప్పాలి, నోటి తడిని ఆవిరి చేసుకోవాలి. మే, జూన్ మధ్యాహ్నాల్లో గువ్వలు మట్టల నీడన ముక్కులు తెరుచుకుని కూర్చుంటాయి. పాడాలన్నా అదే ఊపిరి, రొప్పాలన్నా అదే ఊపిరి. అందుకే మధ్యాహ్నం తోటంతా నిశ్శబ్దమై, పొద్దు వాలాక మళ్లీ కాస్త సందడి మొదలవుతుంది.

"ఒకేసారి" అన్న మాట మాత్రం కొంచెం సవరించుకోవాలి. జాగ్రత్తగా వింటే ఒక వరస ఉంటుంది. బ్రిటన్‌లో పరిశోధకులు చూసినప్పుడు, ఒంటితో పోల్చితే కళ్లు పెద్దగా ఉన్న జాతులు ముందు పాడటం మొదలుపెట్టాయి. మసకలో ముందుగా చూపు ఆనేది వాటికే కదా! తెల్లవారుజామున లేవగలిగిన పిల్లలు కాగితం మీద ఏ గొంతు ముందు, ఏది తర్వాత అని వారం రోజులు రాసి చూస్తే తమ తోట వరస తమకే తెలుస్తుంది.

మరి ఏడాదిలో కొన్ని నెలల్లోనే పాట జోరు ఎందుకు? పిట్టకు క్యాలెండర్ ఎవరిచ్చారు? పగటి పొద్దే దాని క్యాలెండర్. నిజ్వాలో డిసెంబరు నెలలో పగలు పదకొండు గంటలకు తక్కువే, జూన్‌లో పదమూడున్నర గంటలు. ఈ తేడాను పిట్ట కంటితో కొలవదన్నది నాకెప్పుడూ ఆశ్చర్యమే. పల్చటి పుర్రెలోంచి వెలుతురు లోపలికి దిగుతుంది, మెదడు లోతున ఉన్న ప్రత్యేక కణాలు దాన్ని పసిగడతాయి. ఝాక్ బెన్వా అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1930లలో బాతుల మీద పరీక్షలు చేసి దీన్ని బయటపెట్టాడు. పగలు పొడుగైనట్టు తెలియగానే ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి. వాటి ప్రభావంతో ఈకలు మెరుగుపడతాయి, మెదడులో పాటకు సంబంధించిన భాగాలు చాలా జాతుల్లో పెద్దవవుతాయి, గొంతు విచ్చుకుంటుంది. సీజను దాటాక అవే భాగాలు మళ్లీ తగ్గుతాయి.

పాట పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా? ఇది జాతిని బట్టి ఉంటుంది. ప్రపంచంలోని దాదాపు 11,000 పక్షి జాతుల్లో సగానికి దగ్గరగా పాటపిట్టలనే ఒక పెద్ద వంశం. అవి పాటను పెద్దల దగ్గర విని నేర్చుకుంటాయి. కేంబ్రిడ్జిలో విలియం థోర్ప్ 1950లలో ఒక జాతి పాటపిట్ట పిల్లల్ని పెద్దల పాట వినపడకుండా పెంచాడు. పెరిగాక అవి పాడాయి గానీ, ఆ పాట ముద్దముద్దగా, అల్లిక లేకుండా ఉంది. మామూలుగా పెరిగే పిల్ల ముందు గొణుగుతుంది, తప్పులు పాడుతుంది, తన గొంతు తాను విని దిద్దుకుంటుంది. మన పిల్లలు ముద్దుమాటలతో మొదలుపెట్టినట్టే. గువ్వలు, కోళ్లు అలా కాదు. వాటి కూత పుట్టుకతోనే వస్తుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వింత ఉంది. మనం గొంతుకు పేరు పెట్టిన కోకిల ఆ పాటపిట్టల వంశంలో లేదు. కర్ణకఠోరమని తీసిపారేసే కాకి ఉంది! కాకి సిరింక్స్ చుట్టూ పాటపిట్టలకుండే కండరాలన్నీ ఉన్నాయి, నేర్చుకునే శక్తీ ఉంది. కోకిలకు నేర్చుకునే పని లేకపోవడమే దాని అదృష్టం. అది కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది, పిల్ల కాకుల మధ్య కాకి చేతి ముద్ద తిని పెరుగుతుంది. పెంచినవాళ్ల దగ్గర పాట నేర్చుకునే జాతే అయితే పెద్దయ్యాక కావుకావుమనేది, దానికి జత దొరికేది కాదు. కూత పుట్టుకతోనే లోపల ఉంది కాబట్టే వసంతం రాగానే కూహూ అంటుంది.

పాప ప్రశ్నలో ఇంకో ముక్క మిగిలింది. సంతోషంతో పాడుతున్నాయా? పెద్దవాళ్లు దీన్ని నవ్వి వదిలేస్తారు గానీ, శాస్త్రం వదల్లేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లారెన్ రైటర్స్ బృందం స్టార్లింగ్ అనే పిట్టల్ని, అంటే మన గోరువంకల దాయాదుల్ని, ఏళ్ల తరబడి పరిశీలించింది. జత కోసమో, చోటు కోసమో కాకుండా గుంపులో తీరిగ్గా పాడుకునే పాటలు కూడా వాటికున్నాయి. అలాంటి పాటకూ, మెదడులో హాయిని కలిగించే సహజ రసాయనాలకూ సంబంధం కనపడింది. పిట్ట మనలాగే సంతోషిస్తోందని దీన్నిబట్టి చెప్పలేం. కొన్ని పాటలు పాడటమే దానికి హాయిగా ఉంటుందని మాత్రం చెప్పొచ్చు. కాబట్టి పాప ఊహించిన రెండూ నిజమే. వాటికి కావలసినవీ ఉన్నాయి, పాడటంలో వాటికి సుఖమూ ఉంది.

గొంతు పిట్టకు ఎంత పెద్ద గుర్తో చెప్పే ఒక ఘటన ఆ పాప ఇంటి కిటికీలోంచి కనపడే కొండల వరుసలోనే జరిగింది. అల్ హజర్ పర్వతాల్లో 2013 మార్చిలో మాగ్నస్ రాబ్ అనే శబ్దగ్రాహకుడు రాత్రిపూట గుడ్లగూబల కూతలు రికార్డు చేస్తున్నాడు. ఆయనకు ఒక తెలియని గొంతు వినపడింది. ఆ ప్రాంతపు గుడ్లగూబల కూతలన్నీ చెవికి అలవాటైన మనిషి కాబట్టి ఇది వేరేదని పట్టుకున్నాడు. తర్వాత రాత్రుళ్లు వెతికి ఫోటోలు తీశారు. అదే ఏడాది దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు. 2015లో డీఎన్‌ఏ పరీక్షలో ఇంకో మలుపు వచ్చింది. ఇప్పటి పాకిస్తాన్ తీరంలోని ఓర్మారా ప్రాంతం నుంచి వచ్చిన ఒక పాత గుడ్లగూబ చర్మం బ్రిటన్ మ్యూజియంలో ఉంది. ఒమాన్ గుడ్లగూబ ఆ జాతిదేనని తేలింది. ఆ చర్మాన్ని చూసి 1878లో ఆ జాతికి పేరు పెట్టింది ఎవరో కాదు, 1885లో కాంగ్రెస్ స్థాపనకు నడుం కట్టిన ఏ.ఓ. హ్యూమే. నూటముప్పై ఏళ్లకు పైగా అదే పేరుతో అందరూ వేరే గుడ్లగూబను పిలుస్తూ వచ్చారు. కంటికి రెండూ ఒకేలా అనిపించాయి, చెవే తేడా చెప్పింది.

ఈ రోజుల్లో ఫోన్‌లోనే పిట్టల కూతల్ని గుర్తుపట్టే యాప్‌లు వచ్చాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ యాప్ 2021 నుంచి విని పేరు చెబుతోంది. పిల్లలకు అది మంచి తోడు, వాడనివ్వండి. ఒక్క విన్నపం. యాప్‌తో పిట్టను వినండి గానీ, రికార్డు చేసిన పాటను దానికి వినిపించి రప్పించకండి, ముఖ్యంగా గూళ్లు కట్టే నెలల్లో. తన చోట్లోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని అది మేత మాని, గుడ్ల మీంచి లేచి, లేని శత్రువు కోసం ఆ ఎండలో వెతుక్కుంటుంది. ఫోటో కోసం రెండు నిమిషాలు మనకు పెద్ద లెక్క కాదు. నలభై డిగ్రీల ఎండలో గుడ్లను కాచుకునే పిట్టకు అది చాలా ఎక్కువ.